గృహనిర్మాణ సామగ్రి విపణిలో పోటీ (హైదరాబాదు)

గృహనిర్మాణ సామగ్రి విపణిలో పోటీ అనగా సిమెంటు, ఉక్కు, ఇసుక, కంకర, ఇటుక, గచ్చురాయి, రంగులు మొదలైన వస్తువులను తయారుచేసేవారు, అమ్మేవారు తమలో తాము కూడబలుక్కోకుండా, ఎవరికి వారుగా ధరను నిర్ణయించుకొని కొనుగోలుదారుల కొరకు పోటీ పడే స్థితి. అమ్మకందారులు ఎక్కువమంది ఉన్నంత మాత్రాన పోటీ ఉన్నట్లు కాదు. వారి నిర్ణయాలు ఒకరివి మరొకరితో ముడిపడి ఉండరాదు. కొనేవారికి ఒక సరుకు బదులు మరొక సరుకును, ఒక దుకాణం బదులు మరొక దుకాణాన్ని ఎంచుకునే వీలుండాలి. ఈ రెండూ ఉన్నప్పుడే పోటీ ఫలితం సామాన్యునికి అందుతుంది.

ఈ విషయాన్ని గమనించడానికి హైదరాబాదు నగరం, అందులోనూ జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు మంచి ఉదాహరణ. నగరం నుండి ఒక రోజు లారీ ప్రయాణంలోనే అనేక సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. కొండలనిండా రాయి ఉంది. అయినా ఇల్లు కట్టుకునేవారికి సామగ్రి ధర ఎప్పుడూ ఒక సమస్యగానే ఉంటూ వచ్చింది.

ప్రాంత నేపథ్యం

జూబ్లీ హిల్స్ హైదరాబాదుకు పశ్చిమాన ఉన్న గుట్టల ప్రాంతం. దక్కను పీఠభూమికి చెందిన అతి ప్రాచీనమైన గ్రానైటు శిలలు ఇక్కడ గుండ్లుగా, బండలుగా కనిపిస్తాయి. 1960లలో ఏర్పడిన జూబ్లీ హిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఈ గుట్టలపై స్థలాలను విభజించి సభ్యులకు ఇచ్చింది. ఐ.ఎ.ఎస్. అధికారి చల్లగళ్ల నరసింహారావు ఈ సంఘ స్థాపకుడు.

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన కాలంలో ఈ పరిసరాలు వేగంగా పెరిగాయి. బంజారా హిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమైంది. జూబ్లీ హిల్స్‌ను ఆనుకొని ఉన్న ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిల్మ్ ఛాంబర్ కార్యాలయం ఉన్నాయి. పెద్ద భవనాల పక్కనే, గుట్ట వాలులో, సినిమా కార్మికులు, భవన నిర్మాణ కూలీలు నివసించే బస్తీలు కూడా ఏర్పడ్డాయి. సిమెంటు ఉత్పత్తిదారులలో ఒకటైన సాగర్ సిమెంట్స్ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా జూబ్లీ హిల్స్‌లోనే ఉంది. దాని కర్మాగారం సూర్యాపేట జిల్లా మట్టంపల్లిలో ఉంది.

కొనుగోలుదారులలో తేడాలు

ఈ ప్రాంతంలో నిర్మాణ సామగ్రి కొనేవారు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటి రకం పెద్ద నిర్మాణ సంస్థలు. ఇవి కంపెనీ నుండి నేరుగా, వందల టన్నుల లెక్కన కొంటాయి. ధర విషయంలో బేరమాడే శక్తి వీటికి ఉంటుంది.

రెండవ రకం సినిమా సెట్లు వేసేవారు. కళా దర్శకుల వద్ద పనిచేసే సెట్ కాంట్రాక్టర్లు ప్లైవుడ్, కలప, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగులు తరచుగా కొంటుంటారు. ఏ వస్తువు ఏ దుకాణంలో ఏ ధరకు దొరుకుతుందో వీరికి బాగా తెలుసు. ఒకచోట ధర పెరిగితే వెంటనే మరొకచోటికి వెళ్తారు.

మూడవ రకం సొంత ఇల్లు కట్టుకునే మధ్యతరగతి కుటుంబం. చాలామంది జీవితంలో ఒక్కసారే ఇల్లు కడతారు. కనుక ఈ విపణిలో వారికి అనుభవం ఉండదు. ఏ సిమెంటు వాడాలో, ఏ ఉక్కు కొనాలో తాపీ మేస్త్రీ గాని, కాంట్రాక్టరు గాని చెప్తారు. డబ్బు ఇచ్చేది ఒకరు, ఎంపిక చేసేది మరొకరు. కొన్ని కంపెనీలు మేస్త్రీలకు, రంగులు వేసేవారికి టోకెన్లు, బహుమతులు ఇవ్వడం వాడుకలో ఉంది. దీనివలన తక్కువ ధర గల సరుకు ఎంపిక కాకపోవచ్చు.

నాల్గవ రకం బస్తీలలో ఒక గది, ఒక గోడ చొప్పున కొద్దికొద్దిగా కట్టుకునే కుటుంబాలు. వీరు సిమెంటును ఐదు, పది బస్తాల లెక్కన దగ్గరి దుకాణంలో, కొన్నిసార్లు అప్పుపై కొంటారు. లారీ రాని ఇరుకు సందులలోకి సరుకును ట్రాలీ ఆటోలో, ఆపై తలమోతగా చేర్చవలసి వస్తుంది. ఒక్కో బస్తాకు అందరికన్నా ఎక్కువ చెల్లించేది తరచుగా వీరే.

సామగ్రి మూలాలు

సిమెంటుకు ముఖ్యమైన ముడిసరుకు సున్నపురాయి. ఇది ఉమ్మడి నల్లగొండ, రంగారెడ్డి, ఆదిలాబాదు, కరీంనగర్, గుంటూరు, కృష్ణా, కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలలో లభిస్తుంది. మేళ్లచెరువు, మట్టంపల్లి, వాడపల్లి, తాండూరు, జగ్గయ్యపేట, మాచర్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి మొదలైనవి సిమెంటు తయారీకి పేరుపొందిన ప్రాంతాలు.

సిమెంటు బరువు ఎక్కువ, బరువుకు తగిన విలువ తక్కువ. కనుక రోడ్డు మార్గంలో చాలా దూరం తరలిస్తే రవాణా ఖర్చు భారమవుతుంది. అందుచేత దేశమంతా ఒకే సిమెంటు విపణి అనడం కన్నా, కొన్ని వందల కిలోమీటర్ల పరిధి గల ప్రాంతీయ విపణులు అనేకం ఉన్నాయనడం సబబు. దేశంలో ఎన్ని కంపెనీలు ఉన్నాయన్నది కాక, హైదరాబాదుకు గిట్టుబాటుగా సరఫరా చేయగలవి ఎన్ని అన్నదే ఇక్కడి పోటీని నిర్ణయిస్తుంది.

ఉక్కు ఊచలు విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటి పెద్ద సంస్థల నుండి, హైదరాబాదు పరిసరాలలోని రీరోలింగు మిల్లుల నుండి వస్తాయి. గచ్చురాయి విషయంలో తాండూరు, బేతంచెర్ల, కడప బండలు, కర్ణాటకలోని షాబాదు బండ, రాజస్థాన్ పాలరాయి, చీమకుర్తి, కరీంనగర్ గ్రానైటు, గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి.

గచ్చురాయికీ సిమెంటుకూ ఉన్న తేడా గమనించదగినది. గచ్చురాళ్లు రంగులో, రకంలో, ధరలో వేర్వేరు. ఉత్పత్తిదారులు వేలల్లో ఉంటారు. వారందరూ ఒక ధరపై ఒప్పందానికి రావడం దాదాపు అసాధ్యం. సిమెంటు అలా కాదు. ఒకే ప్రమాణానికి లోబడిన ఏ కంపెనీ బస్తా అయినా ఇంచుమించు ఒకటే. ఉత్పత్తిదారులు కొద్దిమంది. ఎవరు ధర తగ్గించినా మిగిలినవారికి వెంటనే తెలిసిపోతుంది. ఇటువంటి వస్తువులోనే కుమ్మక్కుకు అవకాశం ఎక్కువని అర్థశాస్త్రం చెప్తుంది.

పర్మిట్ల కాలం

ఒకప్పుడు సిమెంటు ధరను, పంపిణీని ప్రభుత్వమే నియంత్రించేది. సొంత ఇంటికి సిమెంటు కావాలన్నా పర్మిటు పొందవలసి వచ్చేది. కొరత తీవ్రంగా ఉండి, నల్లబజారు సాగేది. 1982 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పాక్షికంగా నియంత్రణ ఎత్తివేసింది. ఉత్పత్తిలో కొంత భాగాన్ని లెవీగా నిర్ణీత ధరకు ప్రభుత్వానికి ఇచ్చి, మిగిలినది బహిరంగ విపణిలో అమ్ముకొనే వీలు కలిగింది. 1989 మార్చి 1 నుండి ధర, పంపిణీ నియంత్రణ పూర్తిగా తొలగింది. 1991లో పరిశ్రమకు లైసెన్సు నిబంధన కూడా పోయింది.

దీని తర్వాత కొత్త కర్మాగారాలు వచ్చి కొరత తీరింది. అయితే పర్మిటు పోయినంత మాత్రాన పోటీ దానంతట అదే ఏర్పడలేదు. అధికారి నిర్ణయించే ధర స్థానంలో కంపెనీలు కలిసి నిర్ణయించే ధర వస్తే కొనుగోలుదారుకు ఒరిగేది స్వల్పం. దీనిని అరికట్టే చట్టం అవసరమైంది.

పోటీ చట్టం

1969 నాటి గుత్తాధిపత్యాల నియంత్రణ చట్టం స్థానంలో భారత పార్లమెంటు పోటీ చట్టం, 2002ను చేసింది. దీని కింద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. చట్టంలోని ముఖ్యమైన 3, 4 సెక్షన్లు 2009 మే 20 నుండి అమలులోకి వచ్చాయి.

సెక్షను 3 పోటీని దెబ్బతీసే ఒప్పందాలను నిషేధిస్తుంది. ధర నిర్ణయించుకోవడం, ఉత్పత్తిని తగ్గించుకోవడం, ప్రాంతాలను పంచుకోవడం, టెండర్లలో కుమ్మక్కు కావడం దీని కిందికి వస్తాయి. సెక్షను 4 ఆధిపత్య దుర్వినియోగాన్ని నిషేధిస్తుంది. పెద్ద సంస్థ కావడం నేరం కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేయడమే నేరం. సెక్షను 5, 6 పెద్ద కంపెనీల కలయికలను ముందుగా పరిశీలించే అధికారం ఇస్తాయి. కుమ్మక్కులో ఉన్న సంస్థ తానే ముందుకు వచ్చి ఆధారాలు ఇస్తే జరిమానా తగ్గించే వీలు సెక్షను 46 కల్పిస్తుంది.

నిర్ణీత రుసుము చెల్లించి ఏ వ్యక్తి అయినా, వినియోగదారుల సంఘమైనా, వ్యాపార సంఘమైనా కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు.

సిమెంటు కంపెనీల కేసు

ఈ చట్టం కింద గృహనిర్మాణ సామగ్రికి సంబంధించిన అతి పెద్ద కేసు సిమెంటు కంపెనీలదే. 2010లో బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సిమెంటు ఉత్పత్తిదారుల సంఘంపై, 11 కంపెనీలపై ఫిర్యాదు చేసింది. కంపెనీలు కలిసి ఉత్పత్తిని అదుపు చేసి ధర పెంచుతున్నాయన్నది ఆరోపణ.

కమిషన్ 2012 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వులో ఆరోపణ రుజువైందని పేర్కొని, మొత్తం సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2009-10, 2010-11 సంవత్సరాల నికర లాభంలో సగం చొప్పున దీనిని లెక్కగట్టారు. తెలుగు ప్రాంతాలలో కర్మాగారాలు గల వాటిలో అల్ట్రాటెక్‌కు సుమారు 1,175 కోట్లు, మద్రాస్ సిమెంట్స్‌కు సుమారు 258 కోట్లు, ఇండియా సిమెంట్స్‌కు సుమారు 187 కోట్లు జరిమానా పడింది.

కమిషన్ ఆధారపడిన ముఖ్యాంశాలు ఇవి. ఉత్పత్తిదారుల సంఘం కంపెనీల నుండి ధరల సమాచారాన్ని సేకరిస్తూ వచ్చింది. సంఘ సమావేశాల తర్వాత ధరలు పెరిగాయి. వేర్వేరు కంపెనీల ధరలు ఒకే తీరున కదిలాయి. 2010 నవంబరు, డిసెంబరు నెలలలో గిరాకీ ఉన్నప్పటికీ కర్మాగారాలు తమ సామర్థ్యాన్ని పూర్తిగా వాడుకోలేదు. అయితే ఏ ఒక్క కంపెనీకీ ఆధిపత్య స్థానం లేదని కూడా కమిషన్ పేర్కొంది.

కంపెనీలు ఈ నిర్ధారణను అంగీకరించలేదు. సరుకు ఒకే రకమైనప్పుడు, ఉత్పత్తిదారులు కొద్దిమంది అయినప్పుడు, ఒకరిని చూసి మరొకరు ధర మార్చుకోవడం సహజమని, అది ఒప్పందం కాదని వాదించాయి. ధరల సేకరణ ప్రభుత్వ శాఖ కొరకే జరిగిందని చెప్పాయి. ధరలు సమానంగా ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదన్నది చట్టరీత్యా సరియైన మాటే. సమానతకు తోడు కూడబలుక్కున్నట్లు సూచించే ఇతర ఆధారాలు ఉన్నాయా అన్నదే ఈ కేసులోని కీలకం.

తర్వాతి ఘట్టాలు ఇలా జరిగాయి. 2015 డిసెంబరులో పోటీ అప్పీళ్ల ట్రిబ్యునల్ ఈ ఉత్తర్వును కొట్టివేసి, మళ్లీ విచారించమని ఆదేశించింది. వాదనలు వినని ఛైర్మన్ ఉత్తర్వులో పాలుపంచుకోవడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధమన్నది అందుకు కారణం. కమిషన్ తిరిగి విచారించి 2016 ఆగస్టులో మళ్లీ జరిమానాలు విధించింది. 2018 జూలై 25న జాతీయ కంపెనీ లా అప్పీళ్ల ట్రిబ్యునల్ వాటిని సమర్థించింది. కంపెనీలు సుప్రీం కోర్టును ఆశ్రయించగా, 2018 అక్టోబరులో కోర్టు అప్పీళ్లను విచారణకు స్వీకరించి, జరిమానాలో పది శాతం జమచేయవలసిందిగా ఆదేశించింది.

జరిమానా సొమ్ము భారత సంచిత నిధికి చేరుతుంది గాని, ఎక్కువ ధర చెల్లించిన గృహస్థుకు తిరిగి రాదు. నష్టపరిహారం కోరే వీలు సెక్షను 53ఎన్ కింద ఉన్నప్పటికీ, ఇల్లు కట్టి ఏళ్లు గడచిన తర్వాత రశీదులతో ట్రిబ్యునల్‌కు వెళ్లడం సామాన్యునికి సులభం కాదు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క ప్రకారం సుమారు 400 బస్తాల సిమెంటు పడుతుంది. బస్తాకు 20 రూపాయలు అదనమైతే ఆ కుటుంబంపై పడే భారం 8,000 రూపాయలు. ఒక్కొక్కరికి ఇది వ్యాజ్యం వేసేంత పెద్ద మొత్తం కాదు. లక్షల ఇళ్లకు కలిపి లెక్కిస్తే చాలా పెద్ద మొత్తం.

ఇతర దేశాల అనుభవం

సిమెంటు, కాంక్రీటు రంగాలలో కుమ్మక్కు భారతదేశానికే పరిమితం కాదు. ఐరోపా కమిషన్ 1994లో, జర్మనీ పోటీ సంస్థ 2003లో సిమెంటు కంపెనీలకు భారీ జరిమానాలు విధించాయి.

డెన్మార్కు అనుభవం మరొక పాఠం నేర్పుతుంది. అక్కడి పోటీ సంస్థ 1993లో, పోటీ పెంచాలన్న ఉద్దేశంతోనే, రెడీమిక్స్ కాంక్రీటు కంపెనీలు వాస్తవంగా వసూలు చేస్తున్న ధరలను ప్రచురించడం మొదలుపెట్టింది. ఏడాదిలోపే ధరలు 15 నుండి 20 శాతం పెరిగాయి. రహస్యంగా తగ్గింపు ఇస్తున్న కంపెనీ ఏదో మిగిలిన కంపెనీలకు తెలిసిపోవడంతో తగ్గింపులు ఆగిపోయాయి. కొనేవారి చేతిలోని ధరల సమాచారం పోటీని పెంచుతుంది. అదే సమాచారం అమ్మేవారి చేతికి చేరితే పోటీ తగ్గవచ్చు. ఉత్పత్తిదారుల సంఘం ధరలు సేకరించడాన్ని భారత కమిషన్ తీవ్రంగా పరిగణించడానికి కారణం ఇదే.

కంపెనీల కలయికలు

కుమ్మక్కు లేకపోయినా, కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే పోటీదారుల సంఖ్య తగ్గుతుంది. 2024, 2025 సంవత్సరాలలో తెలుగు రాష్ట్రాలకు సరఫరా చేసే పలు కంపెనీలు చేతులు మారాయి.

2024 ఆగస్టులో అదానీ వర్గానికి చెందిన అంబుజా సిమెంట్స్ హైదరాబాదుకు చెందిన పెన్నా సిమెంట్‌ను స్వాధీనం చేసుకుంది.
2024 డిసెంబరులో అల్ట్రాటెక్, పోటీ కమిషన్ అనుమతితో, ఇండియా సిమెంట్స్‌పై నియంత్రణ పొందింది.
2025 మార్చిలో పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ కర్మాగారం గల కేశోరామ్ సిమెంటు వ్యాపారం అల్ట్రాటెక్‌లో కలిసింది.
2025 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా దేవాపూర్ కర్మాగారం గల ఓరియంట్ సిమెంట్ అంబుజా చేతికి వచ్చింది.

పెద్ద సంస్థల వలన ఉత్పత్తి ఖర్చు తగ్గుతుందని, పాత కర్మాగారాలకు పెట్టుబడి లభిస్తుందని ఒక వాదన ఉంది. స్వతంత్రంగా ధర నిర్ణయించే చిన్న కంపెనీలు తగ్గిపోతాయన్నది ఎదుటి వాదన. మిగిలిన ప్రాంతీయ కంపెనీలు నిలదొక్కుకోవడంపై హైదరాబాదు విపణిలోని పోటీ చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇసుక

ఇసుక విషయంలో సమస్య వేరు. ఇది నది ఇచ్చే వనరు, ప్రభుత్వ అనుమతితోనే తవ్వాలి. 2002 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) భూగర్భజలాలను కాపాడటానికి ఇసుక తవ్వకంపై ఆంక్షలు విధించింది. అనుమతి పొందినవారు కొద్దిమందే అయితే స్థానికంగా గుత్తాధిపత్యం ఏర్పడుతుంది. అదుపు లేకపోతే నదులు పాడవుతాయి. ఈ రెంటి మధ్య సమతూకం సాధించడమే విధానకర్తలకు చిక్కు.

తెలంగాణలో రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఇసుకను ఆన్‌లైన్ ద్వారా అమ్ముతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఉచిత ఇసుక విధానం వచ్చింది. 2019లో దాని స్థానంలో ప్రభుత్వ సంస్థ ద్వారా అమ్మకం, 2021లో ప్రైవేటు సంస్థకు అప్పగింత జరిగాయి. 2024 జూలైలో మళ్లీ ఉచిత విధానం మొదలైంది. రేవు వద్ద ఇసుక ఉచితమైనా తవ్వకం, రవాణా ఖర్చులు కొనేవారే భరించాలి. కనుక లారీల మధ్య పోటీ కూడా ముఖ్యమే.

నది ఇసుకకు అసలైన పోటీ రాతి నుండి వచ్చింది. గ్రానైటును పొడిచేసి తయారుచేసే ఇసుకను హైదరాబాదులో రోబో ఇసుక అంటారు. 2016లో సవరించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 383 ఇటువంటి తయారీ ఇసుకకు స్పష్టమైన స్థానం ఇచ్చింది. ప్రమాణం ఏర్పడితే ప్రత్యామ్నాయంపై నమ్మకం కలుగుతుందనడానికి ఇది ఉదాహరణ. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకలు కూడా ఇదే విధంగా మట్టి ఇటుకలకు పోటీ ఇచ్చాయి.

రంగులు, డీలర్లు

రంగుల విపణిలో పోటీ ఎక్కువగా దుకాణం అర దగ్గర నిర్ణయమవుతుంది. డీలరు కొత్త కంపెనీ సరుకు ఉంచకపోతే ఆ కంపెనీ కొనుగోలుదారు కంటికి కనిపించదు. ఆసియన్ పెయింట్స్ తన ఆధిపత్యంతో డీలర్లను కట్టడి చేస్తున్నదని గ్రాసిమ్ సంస్థ చేసిన ఫిర్యాదుపై, 2025 జూలై 1న పోటీ కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. దర్యాప్తుకు ఆదేశించడం దోషనిర్ధారణ కాదు.

పన్ను తగ్గింపు

2017 జూలై 1 నుండి సిమెంటుపై 28 శాతం వస్తు సేవల పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి దీనిని 18 శాతానికి తగ్గించారు. పన్ను లేకుండా 300 రూపాయలు గల బస్తా పాత లెక్కన 384, కొత్త లెక్కన 354 రూపాయలు అవుతుంది. ఈ 30 రూపాయలు కొనుగోలుదారుకు చేరాలంటే కంపెనీ మూల ధరను పెంచకుండా ఉండాలి. పన్ను తగ్గింపును మిగుల్చుకునే సంస్థలపై ఫిర్యాదు చేయడానికి గతంలో ప్రత్యేక ఏర్పాటు ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుండి దానికింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆగిపోయింది. కనుక తగ్గింపు ఫలితాన్ని ఇంటికి చేర్చే బాధ్యత ప్రధానంగా పోటీపైనే పడింది.

పోటీని మెరుగుపరచే మార్గాలు

ఉమ్మడి కొనుగోలు: ఒకే కాలనీలో ఇళ్లు కట్టుకునేవారు కలిసి లారీ సరుకు కొంటే పెద్ద కొనుగోలుదారుకు ఉన్న బేరశక్తి వారికీ వస్తుంది. గృహనిర్మాణ సహకార సంఘాలు ఈ పనికి తగిన వేదికలు.

ప్రమాణాల అవగాహన: సిమెంటుకు, ఉక్కు ఊచలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. ఒకే ప్రమాణం గల రెండు బస్తాలలో ధర తక్కువగా ఉన్నదానిని ధైర్యంగా ఎంచుకోవచ్చు. బస్తాపై తయారీ వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. నిల్వ పెరిగే కొద్దీ సిమెంటు బలం తగ్గుతుంది గనుక ధరతో పాటు వీటిని కూడా చూడాలి.

ధరల విచారణ: బస్తాపై ఉన్న గరిష్ఠ చిల్లర ధర పైపరిమితి మాత్రమే. రవాణా, దింపుడు కూలీ వేరుగా అడిగి, రెండు మూడు చోట్ల ధర రాతపూర్వకంగా తీసుకొని పోల్చుకోవడం మేలు.

కొత్త ఉత్పత్తిదారులకు అవకాశం: సిమెంటు పరిశ్రమకు సున్నపురాయి గనులు కీలకం. 2015లో గనుల చట్టానికి జరిగిన సవరణతో కొత్త గనుల లీజులు వేలం ద్వారా ఇవ్వడం మొదలైంది. వేలంలో చిన్న సంస్థలకు కూడా చోటు దక్కితేనే ఈ మార్పు పోటీకి తోడ్పడుతుంది.

చట్టం అమలు: 2023 నాటి సవరణ చట్టం ప్రకారం, తాను ఆ వ్యాపారంలో లేకపోయినా కుమ్మక్కుకు సహకరించిన వ్యక్తి లేదా సంస్థ కూడా బాధ్యత వహించాలి. అయితే చట్టం ఎంత బలమైనదైనా నిర్ణయం వేగంగా రావాలి. 2010లో ఫిర్యాదుగా మొదలైన సిమెంటు కేసు సుప్రీం కోర్టు గడప తొక్కేసరికి 8 సంవత్సరాలు గడిచాయి. ఆ సంవత్సరాలలో సిమెంటు కొని ఇళ్లు కట్టుకున్నవారు అప్పటి ధరను అప్పుడే చెల్లించివేశారు.